మూతివిరుపు అక్క పటకారు కొన్న వైనం

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరేమిటో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. చిన్నా పెద్దా అందరూ ఎదురుగా "అక్కా" అంటారు, ఆమె అటు తిరగగానే "మూతివిరుపు" అంటారు. రెండో పేరే ఆమెకు బాగా అతికింది. ఏ మనిషిని చూసినా, ఏ వస్తువును చూసినా ముందు ఆమె మూతి ఎడమవైపుకు పోతుంది, మాట ఆ తరవాత వస్తుంది. ఎదురింటివాళ్ళు ముచ్చటపడి కొత్త ఇల్లు చూపిస్తే "మెట్లు కట్టినవాడు కూర్చుని కట్టాడా, పడుకుని కట్టాడా?" అని అడిగింది. పక్కింటావిడ తన కూతురి పెళ్ళి ఫోటోలు ముందు పెడితే ఒక్కొక్కటీ తిరగేసి, "ఫోటోలు తీసినవాడికి చెయ్యి వణుకుతుందనుకుంటాను" అని తిరిగిచ్చేసింది. ఆమె నోటినుంచి ఒక మంచి మాట విన్నామని చెప్పేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు, ఉంటే వాళ్ళు అబద్ధాలకోర్లే అయి ఉండాలి.

ఇంత నోరున్న మనిషి గడప తొక్కడానికి జనానికేం ఖర్మ అంటారా, రంపాల కోసం తొక్కేవారు.

చేతిరంపానికి పదును పెట్టడం ఆకురాయి పట్టుకోవడం వచ్చిన ప్రతివాడూ చేస్తాడు, బాగానో అధ్వానంగానో. పళ్ళు వంచడం మాత్రం అందరి వల్లా కాదు. రంపం పళ్ళు ఒకటి ఎడమకు, దాని పక్కది కుడికి, మళ్ళీ ఎడమకు, వెంట్రుకవాసి వంగి ఉండాలి. అప్పుడే కోత రేకు మందం కన్నా కాస్త వెడల్పుగా పడి, రేకు చెక్కలో ఇరుక్కోకుండా ఆడుతుంది. వంపు చాలకపోతే రంపం సగంలో పట్టేస్తుంది. ఎక్కువైతే గీత ఒకవైపు, కోత ఒకవైపు పోతాయి. ఒక పన్ను ఎక్కువ, ఒక పన్ను తక్కువ వంగితే ఆ రంపం లాగినవాడికి సాయంత్రానికి భుజం తనది కాదనిపిస్తుంది.

ఈ పని అక్కకు మామగారి దగ్గర అబ్బింది. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు, అంటే అక్క మొగుడు, కలప డిపో గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, వచ్చే లారీలను పోయే లారీలను చూసినందుకు జీతం తెచ్చుకునేవాడు. చిన్నవాడు బస్సులో టిక్కెట్లు కొట్టేవాడు. రంపం పేరెత్తితే ఇద్దరికీ ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. కొడుకుల మీద ఆశ వదిలేసుకున్న ముసలాయన పెద్దకోడలిని దాగలి ముందు కూర్చోబెట్టాడు. అరచేయంత ఇనుప దిమ్మ అది, దాని ఒక అంచు కాస్త వాలుగా చెక్కి ఉంటుంది. రంపాన్ని దానిమీద పడుకోబెట్టి, పన్ను ఆ వాలు మీదికి వచ్చేలా జరిపి, సన్నముక్కు సుత్తితో ఒక్క దెబ్బ వేయాలి. ఒక పన్ను వదిలి ఒక పన్ను, ఆ చివరిదాకా. తరవాత రంపాన్ని తిరగేసి మిగిలినవి. దెబ్బకూ దెబ్బకూ తేడా రాకూడదు. కోపం వచ్చినా, ఆకలేసినా, ఎవరైనా పిలిచినా ఆ దెబ్బ మారకూడదు. లోకంలో అన్నిటిమీదా ఇట్టే కోపం వచ్చే అక్కకు ఆ సుత్తి పట్టుకున్నంతసేపూ రాదు. అది చూసే మామగారు సంతోషించి, తాను నిశ్చింతగా పోయాడు.

తరవాత చిన్నకోడలు వచ్చింది. ఖాళీగా ఉండలేని పిల్ల, తనకూ నేర్పమంది. అక్క నేర్పింది. నేర్పడమంటే ఎదురుగా కూర్చుని ప్రతి దెబ్బకూ మూతి తిప్పడం. "అది సుత్తి, గరిటె కాదు" అనేది. "పన్నుని వంచమంటే బెదిరిస్తున్నావేం?" అనేది. ఆ పిల్ల కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు కొట్టుకు వెళ్ళి పళ్ళు వంచే పటకారు కొనుక్కొచ్చుకుంది. చేత్తో నొక్కితే చాలు, దెబ్బ అక్కర్లేదు. అక్కకు ఒళ్ళు మండిపోయింది. మామగారి షెడ్డులోకి పటకారు తెచ్చినదాన్ని మనిషి కింద లెక్కపెట్టనంది. అన్నదమ్ములిద్దరికీ గొడవలంటే భయం కాబట్టి షెడ్డు మధ్యలో గోడ లేచింది. గోడలో ఒక చిన్న తలుపు మిగిలింది, దాని గడియ అక్కవైపు ఉంది. అక్క షెడ్డు ఈ వీధిలోకి తెరుచుకుంటుంది, తోడికోడలిది వెనక వీధిలోకి. ఆ రోజునుంచి అక్క ఆ తలుపు గడియ తీయలేదు, వెనక వీధి మొహం చూడలేదు.

మొహం చూడలేదే గాని నోరు ఊరుకోలేదు. ఎవరు వచ్చినా ఆమె ఒక తమాషా చేసేది. పళ్ళు వంచిన రంపాన్ని పళ్ళు పైకి వచ్చేలా పట్టుకుని, ఎడమ వరసకూ కుడి వరసకూ మధ్య పడిన సన్నటి గాడిలో ఒక కుట్టుసూదిని పడుకోబెట్టి, రంపాన్ని కొసవైపు కొద్దిగా వాల్చేది. వంపు సమంగా ఉంటే సూది ఆ గాడి వెంట పిడి దగ్గరనుంచి కొసదాకా జారుతుంది. ఒక్క పన్ను తేడా ఉన్నా ఆగిపోతుంది, లేదా పక్కకు పడిపోతుంది. అక్క రంపం మీద సూది ఎన్నడూ పడలేదు. అది కొసకు చేరగానే ఆమె గోడవైపు తిరిగి, అవతలికి వినపడేంత గొంతుతో, "నడక రానివాడికి కర్ర, చెయ్యి రానివాడికి పటకారు" అనేది. తోడికోడలికి "పటకారమ్మ" అని పేరు పెట్టింది కూడా ఆవిడే. పేరు పెట్టి ఊరుకోకుండా వచ్చినవాళ్ళందరికీ పంచిపెట్టింది.

ఈ వినోదానికి అందరికన్నా బాగా తల ఊపేవాడు తలుపుల మేస్త్రి. తలుపులూ కిటికీలూ చేసే పెద్ద వర్క్‌షాపు అతనిది. అందులో ఉన్న రంపాలన్నీ అక్క దగ్గరికే వచ్చేవి. తల ఊపేటప్పుడు కళ్ళు సగం మూసుకునేవాడు. అక్క ఏమంటే అది, రెండుసార్లు అనేవాడు.

అలా ఉండగా అక్క బాత్రూములో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టారు, కట్టు విప్పారు. డాక్టరు ఆ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "పట్టుకోవచ్చమ్మా, బరువులెత్తొద్దు. సుత్తి లాంటివి కొట్టొద్దు" అన్నాడు. అక్క అతని చేతివేళ్ళవైపు చూసి, ఇంత మెత్తటి వేళ్ళవాడికి సుత్తి గురించి ఏం తెలుసునని మూతి విరిచి ఇంటికొచ్చి, ఒక పాత రంపం తీసి దాగలి మీద పెట్టింది.

మొదటి దెబ్బకు పన్ను కదల్లేదు. రెండో దెబ్బకు పక్కపన్ను మరీ వాలిపోయింది. మణికట్టులోంచి మోచేతిదాకా నొప్పి పాకింది. పళ్ళు బిగబట్టి కొసదాకా కొట్టి, సూది తెచ్చి గాడిలో పెట్టింది. సూది రెండంగుళాలు జారి, ఆగి, టపుక్కున కింద పడింది. ఆమె వంగి దాన్ని వెతికి తీసి, చుట్టూ చూసింది. ఎవరూ లేరు, మొగుడు తప్ప. అతను లెక్కలో లేడు గాని, నోరు మాత్రం తెరిచాడు.

"చాల్లేవే, ఎన్నాళ్ళని చేస్తావు. ఇకనైనా కూర్చో."

"మీలాగానా?" అంది అక్క.

అతను చొక్కా వేసుకుని డిపోకు బయలుదేరాడు.

ఆ మర్నాడే తలుపుల మేస్త్రి వచ్చాడు. చంకలో పాతగుడ్డలో చుట్టిన ఒక్క రంపం ఉంది. సొరుగుల మూలలూ సన్నటి అతుకులూ కోసే రంపం, అతని దగ్గర ఉన్నవాటిలోకెల్లా మేలైనది, చిన్నచిన్న పళ్ళది.

"అక్కా, చెయ్యి నయమైందని విన్నాను. ఇదొక్కటి చేసి పెట్టు, రేపు సాయంత్రం వస్తాను. నీ చెయ్యి ఎప్పట్లాగే ఉందనుకో, మిగతావన్నీ ఎల్లుండే పంపిస్తాను. లేదంటే చెప్పు, మొహమాటం వద్దు. చివరి వీధిలో సుత్తాయన ఉన్నాడుగా."

"వాడా? వాడు రంపం పళ్ళు కొడతాడో, గోడకి మేకులు కొడతాడో వాడికే తెలీదు."

"తెలీదు, తెలీదు" అని మేస్త్రి కళ్ళు సగం మూశాడు. "కానీ సుత్తి కదా అక్కా. ఎంతయినా పటకారు కన్నా నయం."

అతను వెళ్ళాక అక్క ఆ రంపాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. రంపాలు రాకపోతే తిండికి లోటు రాదు, డిపో గేటు జీతం ఎలాగూ ఉంది. కానీ రంపాలు రాకపోతే మనుషులు రారు. ఈ వీధిలో ఎవరైనా ఆమె గుమ్మంలోకి వచ్చి, ఆమె మాట పడి, మళ్ళీ వస్తున్నారంటే అది ఆ పళ్ళ కోసమే. ఆ పని పోతే ఆమె మొగుడి పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చోవడమే మిగులుతుంది. ఆ కుర్చీ తలచుకుంటే ఆమెకు మొదటిసారి భయం వేసింది. ఎడమచెయ్యి బాగానే ఉంది. ఎడమచేత్తో దెబ్బ వేయలేదు గాని నొక్కగలదు.

ఆ మాట తనకు తానే చెప్పుకోవడానికి ఆమెకు ఒక పూట పట్టింది.

ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్ళి, తెలిసినవాళ్ళెవరూ లేరని చూసుకుని లోపలికి అడుగుపెట్టింది. కొట్టాయన గొలుసులూ గొళ్ళేలూ తాళాలూ వేలాడుతున్న సందులోంచి తల బయటికి పెట్టాడు.

"రంపం పళ్ళు వంచేది కావాలి" అంది అక్క. "నాక్కాదు."

"ఎవరికండీ?"

"ఎవరికైతే ఏం, మనుషుల్ని బట్టి ఇస్తారా సామాను?"

కొట్టాయన నవ్వి, ముందు ఒక గాడుల రేకు తీశాడు. చెక్కపిడి ఉన్న దళసరి ఇనుప రేకు, అంచున వేర్వేరు వెడల్పుల్లో గాడులు కోసి ఉన్నాయి. గాడిలో పన్నుని దూర్చి చేతితో మెలితిప్పాలి. ఎంత తిప్పాలో చెప్పే ఏర్పాటేదీ దానికి లేదు.

"ఎంత వంగిందో ఎలా తెలుస్తుంది?"

"చూసుకోవాలండీ."

"ఆ మాత్రం చూసుకోగలిగినవాడు మీ రేకెందుకు కొంటాడు? తీసెయ్యండి."

తరవాత మోచెయ్యంత పటకారు తీశాడు. నల్లరంగు, రెండు చేతులతో నొక్కాల్సినంత బిగువు. దుంగలు కోసే పెద్ద రంపాలకట. పన్నుని తోసే మొన ఆమె బొటనవేలంత ఉంది. చిన్న పళ్ళ రంపం మీద పెడితే ఒక్కసారే మూడు పళ్ళను తోస్తుంది.

"ఇది బాగా పోతోందండీ. చూడ్డానికి గట్టిగా ఉంటుందని అందరూ ఇదే అడుగుతున్నారు."

"చూడ్డానికి కొనేవాళ్ళకి అమ్ముకోండి" అంది అక్క.

మూడోది చిన్నది. అరచేతిలో ఇమిడిపోయింది. పిడి నొక్కితే లోపల్నుంచి బియ్యపుగింజంత మొన ముందుకొచ్చి, పన్నుని ఎదురుగా ఉన్న చిన్న ఇనుప చక్రం మీదికి తోస్తుంది. చక్రం అంచు ఒకచోట ఎక్కువ వాలుగా, ఇంకోచోట తక్కువ వాలుగా చెక్కి ఉంది, చుట్టూ నంబర్లున్నాయి. చక్రం తిప్పి కావలసిన నంబరు దగ్గర బిగించుకోవాలి. అక్క దాన్ని ఎడమచేతిలోకి తీసుకుని నొక్కింది. మెత్తగా వెళ్ళి మెత్తగా వచ్చింది. ఎన్నిసార్లు నొక్కినా మొన అంతే దూరం వెళ్ళింది, అక్కడే ఆగింది. దెబ్బకూ దెబ్బకూ తేడా రాకూడదని మామగారు ఆమెకు ఎన్నాళ్ళో నేర్పిన సంగతి ఈ బొమ్మకు పుట్టుకతోనే వచ్చింది. ఆమెకు దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టకుండా కొంది.

"ఈ నంబర్లు ఎలా పెట్టుకోవాలో చెప్తానుండండి" అన్నాడు కొట్టాయన.

"నాకు మీరు చెప్పాలా?" అని అక్క వచ్చేసింది.

ఆమెకు ఆయన చెప్పవలసిందే. కానీ చిన్నప్పటినుంచీ ఒకరు చెప్పబోతుంటే ఆమె చెవులు వాటంతటవే మూసుకుంటాయి. ఇంటికి వచ్చి షెడ్డు తలుపు వేసుకుని, మేస్త్రి రంపాన్ని రెండు చెక్కల మధ్య బిగించింది. చక్రం మీద నాలుగు నుంచి పన్నెండు దాకా అంకెలున్నాయి. చిన్న పళ్ళకు చిన్న వంపు చాలు కాబట్టి చిన్న నంబరే పెట్టాలని ఆమె బుర్రకు తోచింది. ఇందులో ఆలోచించడానికేముంది, పసిపిల్లకైనా తెలుస్తుంది అనుకుని నాలుగు దగ్గర బిగించింది. మొదటి పన్ను మీద పెట్టి నొక్కింది. పన్ను వంగింది. వేలితో తడిమితే కాస్త ఎక్కువే అనిపించింది. సుత్తికి అలవాటుపడిన వేలికి అలాగే అనిపిస్తుంది లెమ్మని, యంత్రం కదా దానికి తెలుసు లెమ్మని ముందుకు పోయింది. తోడికోడలిని ఏ నమ్మకానికి ఇన్నేళ్ళూ తిట్టిందో, సరిగ్గా ఆ నమ్మకమే తాను పెట్టుకుంది.

రంపం సగానికి వచ్చాక టక్‌మని శబ్దమైంది. ఒక పన్ను మొదలంటా విరిగి ఎక్కడో పడింది. ఆమె ఆగలేదు. ఇంకోటి విరిగింది. అప్పుడు ఆగి, రంపాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. వంగిన పళ్ళు సగం ఎత్తులో కాకుండా మొదట్లోంచే వాలిపోయి ఉన్నాయి. అందులో మరి రెండింటికి మొదట్లో సన్నటి బీటలు. మేస్త్రి దగ్గర ఉన్నవాటిలోకెల్లా మేలైన రంపం తొర్రిపళ్ళ ముసలిదానిలా ఆమెను చూసి ఇకిలిస్తోంది. సూదితో చూడవలసిన అవసరం కూడా లేకపోయింది.

మర్నాడు సాయంత్రానికి మేస్త్రి వస్తాడు. ఆ పళ్ళన్నీ ఆకురాయితో అరగదీసి, రేకు మీద కొత్త పళ్ళు కోసి, మళ్ళీ వంచి, మళ్ళీ పదును పెట్టాలి. ఆమె కుడిచేత్తో అయ్యే పని కాదు. సుత్తాయన దగ్గరికి పోవడం కన్నా నూతిలో దూకడం నయం. ఇక మిగిలింది గోడలో ఉన్న తలుపు. తెల్లవారాక మొగుడు డిపోకు వెళ్ళేదాకా ఆగి, ఆమె ఆ గడియ దగ్గరికి నడిచింది. తుప్పు పట్టి బిగుసుకుపోయింది, కాలితో తన్నితే వచ్చింది. లోపలికి వెళ్ళేముందు ఆమె మాటలు సిద్ధం చేసుకుంది. తోడికోడలు ఒకటి అంటే తాను ఏమనాలో, రెండు అంటే ఏమనాలో, సూది సంగతి ఎత్తితే ఏమనాలో అన్నీ పేర్చి పెట్టుకుంది.

తోడికోడలు కళ్ళజోడు పెట్టుకుని బల్ల ముందు కూర్చుని ఉంది. పక్కన రేడియో సన్నగా మోగుతోంది. తల ఎత్తి చూసి, స్టూలు ముందుకు జరిపింది.

"రా అక్కా, కూర్చో. చెయ్యెలా ఉంది? వద్దామనే అనుకున్నాను, ఆ తలుపు మీవైపు బిగుసుకుపోయినట్టుంది."

అక్క కూర్చోలేదు. రంపాన్ని బల్ల మీద పెట్టింది. తోడికోడలు దాన్ని తీసి చూసి, పళ్ళ మీద వేలు పోనిచ్చింది.

"నంబరెంత పెట్టావు?"

పటకారు కొన్నట్టు తాను చెప్పనేలేదు. అయినా దాచడానికేమీ లేదు, ఆ వంపు చూస్తేనే తెలిసిపోతోంది.

"నాలుగు."

"అయ్యో. అది నాలుగు పళ్ళ రంపానికక్కా. అంగుళానికి ఎన్ని పళ్ళుంటే ఆ నంబరు. అంకె పెద్దదవుతున్న కొద్దీ వంపు తగ్గుతుంది. దీనికి పన్నెండు పెట్టాలి."

"ఎవడు పెట్టాడా అంకెలు? వాడికి బుర్ర ఉండేనా?"

"అదే నేనూ అనుకున్నాను" అంది తోడికోడలు. "మొదట్లో నేనూ నాలుగే పెట్టి రెండు రంపాలు పాడుచేశాను. సాయంత్రానిక్కావాలా? ఇటివ్వు, చేసేస్తాను."

అంతే. ఇంకేమీ అనలేదు. ఆకురాయి తీసి పాత పళ్ళను అరగదీయడం మొదలుపెట్టింది. అక్క నిలబడి నిలబడి స్టూలు మీద కూర్చుంది. పేర్చిపెట్టుకున్న మాటలు నోట్లోనే ఉండిపోయాయి. అడగాల్సిన మాట అవతలివాళ్ళు అడగకపోతే, చెప్పాల్సిన జవాబు గొంతులో ముల్లులా ఉంటుంది.

"అడగవేం?" అంది చివరికి.

"ఏమడగాలి?"

"ఇన్నాళ్ళూ నేను నిన్నన్న మాటలు."

తోడికోడలు ఆకురాయి ఆపి ఆలోచించింది. "నువ్వు అందర్నీ అంటావు కదక్కా. అందులో నన్నేమన్నావో ప్రత్యేకంగా గుర్తులేదు. ఇక్కడ ఆకురాయి మోతా, ఈ రేడియో, గోడ అవతల మాటలు ఎక్కడ వినపడతాయి? మీ తలుపు ఎప్పుడూ వేసుంటే పనెక్కువై తీరట్లేదేమో అనుకున్నాను."

అక్క ఏదో అనబోయి, వీధివైపు తెరిచి ఉన్న తలుపులోంచి బయటికి చూసింది. తలుపు రెక్క మీద వేలాడుతున్న రేకు బోర్డు మీద పచ్చరంగు అక్షరాలు రాసి ఉన్నాయి. పటకారమ్మ రంపాల పదును.

"అదేమిటి?"

"బోర్డు. నువ్వు ఈ వీధిలోకి రావుగా, చూసుండవు. ఎవరు మొదలుపెట్టారో గాని వచ్చిన ప్రతివాళ్ళూ పటకారమ్మ ఎక్కడ, పటకారమ్మ ఎక్కడ అని అడిగేవాళ్ళు. పేరు బాగుంది కదా అని రాయించేశాం."

ఎన్నో ఏళ్ళపాటు, వచ్చినవాళ్ళందరి ముందూ, గొంతు చించుకుని తాను వెలగబెట్టిన తిరస్కారమంతా ఎక్కడికి పోయిందో అక్కకు అప్పుడు తెలిసింది. కొంత గోడకు తగిలింది, మిగతాది బోర్డయింది. ఆమెకు నవ్వు రాలేదు. తనను ద్వేషించినా బాగుండేదనిపించింది. పగబట్టి ఉంటే కనీసం తాను ఒకరికి పనికొచ్చినట్టుండేది. ఆమె లేచి, "రేడియో ఏమిటా పాడు గోల" అని తన షెడ్డులోకి వచ్చేసింది. తోడికోడలు నిజంగానే రేడియో కట్టేసింది.

మధ్యాహ్నం దాటాక రంపం గోడ తలుపులోంచి వచ్చింది. కొత్త పళ్ళు, సమంగా, ఒకదానిలా ఒకటి. అక్క సూది పెట్టి చూసింది. సూది కొసదాకా జారింది. చక్రం పన్నెండు దగ్గర పెట్టి తానూ ఒక పాత చిన్న రంపాన్ని నొక్కి చూసింది. దాని మీద కూడా జారింది. ఇకమీద తాను చేసుకోగలదు. ఈ ఒక్కదాని సంగతి నోరు మెదపకుండా ఉంటే చాలు, పని నిలబడుతుంది, జనం వస్తారు, కుర్చీ అక్కర్లేదు.

సాయంత్రం మేస్త్రి వచ్చాడు. మూలన పడి ఉన్న చెక్కముక్క తీసుకుని, గీత గీసి కోశాడు. రంపం వెన్నలో దిగినట్టు దిగింది. కోతను వెలుతురుకు పెట్టి చూశాడు, వేలితో రాశాడు. కళ్ళు సగం మూశాడు.

"ఇదీ చెయ్యంటే. విరిగి అతుక్కున్నా చెయ్యి చెయ్యే. అక్కా, సుత్తి దెబ్బ పడ్డ పన్ను రంపం లాగుతుంటేనే తెలిసిపోతుంది. ఆ తేడా నా చేతికి తెలుసు. ఇంత సమంగా వంచడం ఆ పటకారు వల్ల ఏమవుతుంది? నడక రానివాడికి కర్ర, చెయ్యి రానివాడికి పటకారు."

అక్క అతన్ని చూసింది. అతని కళ్ళ సగం మూతను, తల ఊపును, గోడవైపు తిరిగిన మొహాన్ని, మాట అయ్యాక ఎడమవైపుకు పోయిన మూతిని కూడా చూసింది. ఆ మూతి తనదే. వీడికి సుత్తికీ పటకారుకూ తేడా ఎన్నడూ తెలియలేదన్నమాట. తెలిసినట్టు ఇన్నేళ్ళు తల ఊపాడు. ఊపుతుంటే తాను మురిసింది. ఊరుకోవలసిన చోట ఊరుకోవడం ఆమెకు పుట్టి బుద్ధెరిగి అలవాటు లేదు.

"ఏం తెలుసు మీ చేతికి?" అంది. "అది పటకారుతో వంచింది. చేసింది నేను కాదు, మా తోడికోడలు. సుత్తి దెబ్బ తెలిసిపోయిందా? ఇంకోసారి కోసి తెలుసుకోండి."

తలుపుల మేస్త్రి మొహం ఎర్రబడింది. తరవాత ఆ రంపాన్నే తీసుకుని, ఆ చెక్కముక్కనే మళ్ళీ కోశాడు. రంపం మళ్ళీ అలాగే దిగింది. అతను సగంలో ఆపాడు.

"అదీ, అందుకే" అన్నాడు. "ఇందాకే అనుకున్నాను, ఎక్కడో కాస్త పట్టేస్తోందని. నువ్వు నొచ్చుకుంటావని అనలేదు."

"ఎక్కడ పట్టేసింది? చూపించండి."

"చూపిస్తే కనపడేదా అక్కా అది? పటకారు పని కదా. నువ్వేగా చెప్పావు." రంపాన్ని పాతగుడ్డలో చుట్టాడు. "ఏమనుకోకు. నీ చెయ్యి ఇంక లేదంటే, ఎంతయినా సుత్తి ఉన్నచోటికే పోవాలి. సుత్తాయన పనీ అంత బాగుండదనుకో."

అతను చివరి వీధివైపే నడిచాడు. అక్క గుమ్మంలో నిలబడి చూసింది. పటకారు మంచిదని ఇప్పుడు ఆమె ఎంత అరిచినా అతను నమ్మడు. చెడ్డదని ఆమె అంత బాగా నేర్పింది.

గోడ తలుపు దగ్గర తోడికోడలు నిలబడి ఉంది.

"ఏమన్నాడక్కా? బాగుందన్నాడా?"

అక్కకు అబద్ధం కూడా అప్పటికి తోచలేదు. "పట్టేస్తోందన్నాడు."

తోడికోడలు మొహంలో నవ్వు ఆగిపోయింది. ఎవరెన్ని అన్నా దులిపేసుకునే మనిషి, కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది.

"పట్టేస్తోందా? ఎక్కడ, కొస దగ్గరా? పన్నెండే పెట్టానక్కా. ప్రతి పన్నూ చూశాను." లోపలికి వెళ్ళి తన పటకారు తెచ్చి, చక్రాన్ని వెలుతురుకు పెట్టి చూసింది, గోటితో గీకింది. "అరిగిపోయిందేమో. ఇన్నాళ్ళూ అందరికీ ఇలాగే ఇచ్చానేమో. ఎవరూ నా మొహం మీద అనలేదేమో."

"దానికేమీ కాలేదు."

"మరి పెద్ద మేస్త్రి ఊరికే అంటాడా?"

ఊరికే అన్నాడు, ఆ మాట నాది, నేనే వాడికి నేర్పాను అని చెప్పడానికి అక్క నోరు తెరిచింది. తోడికోడలు ఆమెవైపు చూడటం లేదు. బల్ల ముందు కూర్చుని, తలుపు మీద బోర్డుకు వీపు తిప్పి, పటకారు చక్రానికున్న మర ఊడదీస్తోంది. ఇన్నేళ్ళకు అక్క అన్న మాట వెళ్ళి ఆమెకు తగిలింది.